కళాశాల క్రీడాఖ్యాతి – పై మెట్టు పరీక్ష

అమెరికాలో కళాశాలల పక్షమున బాస్కెట్‌బాల్ ఆడువారు వేలకొలదిగా నున్నను, వృత్తిజట్లు ఏటేట క్రొత్తగా నెన్నుకొనునది విదేశీయులతో కలిపి సుమారు 60 మందిని మాత్రమే. వారిలోనైనను అందఱును నిలువరు. కళాశాలలో వచ్చిన పేరు ద్వారము వఱకే తోడు వచ్చును.

ఇందులకు మన షోలాపూరే యొక నిదర్శనము నిచ్చినది. 1926లో ఇచట జన్మించిన పాలీ ఉమ్రిగర్ బొంబాయి విశ్వవిద్యాలయ క్రికెట్ జట్టునకు నాయకుడు. 1948లో విశ్వవిద్యాలయముల సంయుక్త జట్టు పక్షమున వెస్టిండీస్‌పై 115 పరుగులు చేసి అజేయుడై నిలిచెను. ఆ యేడే టెస్టులలో ప్రవేశించెను. కాని 1952లో ఇంగ్లండున ట్రూమన్ వేగమునకు తాళలేక, నాలుగు టెస్టులలో 43 పరుగులే చేయగలిగెను. అదే యాత్రలో కౌంటీ జట్లపై ద్విశతకములు సాధించిన చేయియే అది! కొరవడినది అంతటి వేగము నెదుర్కొను అభ్యాసము.

ఆయన ఆట విడువలేదు. 1955లో హైదరాబాదు ఫతే మైదానమున న్యూజీలండుపై 223 పరుగులు చేసి, టెస్టులలో ద్విశతకము సాధించిన తొలి భారతీయుడయ్యెను. 1962లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో హాల్ వేగమునకు వెఱవక 172 పరుగులతో అజేయుడై నిలిచెను.

కావున మన భవానిపేటలో బిడ్డ పై మెట్టున తొలిసారి తడబడినంతనే "ఆట చాలు, మగ్గము కడకు రా" యనుట తగదు. నూలు నంబరు మారినపుడు చేయి కుదురువఱకు నేతగాడు పట్టు ఓపికను ఆటగానియెడలను పట్టవలెను.