గీత ఎక్కడ పడుతుంది? మొఘల్‌పురా నుంచి చూస్తే పునర్విభజన లెక్క

2004 లోక్‌సభ ఎన్నికల్లో మొఘల్‌పురా ఓటరూ తాండూరు కంది రైతూ ఒకే ఎంపీ కోసం ఓటేశారు. ఒకరిది చార్మినార్‌కు నడిచి వెళ్లేంత దగ్గరున్న బస్తీ. మరొకరిది వంద కిలోమీటర్లకు పైగా దూరాన, కర్ణాటక సరిహద్దు పక్కన, నాపరాళ్ల గనుల మధ్య ఉన్న ఊరు. అప్పటి హైదరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో పాతబస్తీతో పాటు తాండూరు, వికారాబాద్, చేవెళ్ల సెగ్మెంట్లు కూడా ఉండేవి. 2009 ఎన్నికలు వచ్చేసరికి ఆ మూడూ కొత్తగా ఏర్పడిన చేవెళ్ల లోక్‌సభ స్థానంలోకి వెళ్లిపోయాయి. హైదరాబాద్ స్థానంలో చార్మినార్, యాకుత్‌పురా, చాంద్రాయణగుట్ట, బహదూర్‌పురా, మలక్‌పేట, కార్వాన్, గోషామహల్ ఉన్నాయి. మొఘల్‌పురాలో ఒక్క ఇల్లు కూడా కదల్లేదు. కానీ ఆ ఇంటి ఓటు ఎవరి ఓట్లతో కలిపి లెక్కకు వస్తుందన్నది మాత్రం పూర్తిగా మారిపోయింది.

ఈ మార్పునే నియోజకవర్గాల పునర్విభజన అంటారు. ఇప్పుడు డీలిమిటేషన్ అనగానే టీవీ చర్చలన్నీ దక్షిణాది రాష్ట్రాలకు లోక్‌సభ సీట్లు తగ్గుతాయా అన్నచోటే తిరుగుతున్నాయి. అది న్యాయమైన ఆందోళనే. కానీ ఒకే రాష్ట్రంలో, ఒకే నగరంలో సీట్లు ఒకచోట నుంచి మరోచోటికి ఎలా జరుగుతాయన్నది కూడా అంతే ముఖ్యం. పాతబస్తీకి ఈ రెండో లెక్కే దగ్గరిది. దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. మొఘల్‌పురా వాసి ఇంటి చుట్టూ మూడు గీతలున్నాయి. మొదటిది జీహెచ్‌ఎంసీ వార్డు గీత. కార్పొరేటర్ దీని లోపలి మనిషి. దీన్ని గీసేది రాష్ట్ర ప్రభుత్వమూ, మున్సిపల్ యంత్రాంగమూ. 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడ్డాక నగరాన్ని 150 వార్డులు చేశారు. 2025 చివర్లో చుట్టుపక్కల 27 పట్టణ స్థానిక సంస్థలను కలిపేసి, వార్డులను 300 చేస్తూ ముసాయిదా విడుదల చేశారు. రెండోది అసెంబ్లీ గీత. మొఘల్‌పురా చార్మినార్ నియోజకవర్గంలో ఉంది. ఆనుకునే ఉన్న గౌలిపురా యాకుత్‌పురాలోకి వస్తుంది. మూడోది లోక్‌సభ గీత. వార్డు గీత మారినంత మాత్రాన ఎమ్మెల్యే మారడు. వార్డుల ముసాయిదా వచ్చినప్పుడల్లా బస్తీలో ఈ అయోమయం కనిపిస్తుంది కాబట్టి ఇంత వివరంగా చెప్పాల్సి వచ్చింది.

అసెంబ్లీ, లోక్‌సభ గీతలు గీసేది కేంద్రం నియమించే డీలిమిటేషన్ కమిషన్. దేశవ్యాప్తంగా ఇప్పటిదాకా నాలుగుసార్లు, 1952, 1962, 1972, 2002 చట్టాల కింద, ఇలాంటి కమిషన్లు పనిచేశాయి. చివరిదానికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి కుల్దీప్ సింగ్ అధ్యక్షులు. ఎన్నికల కమిషన్ నుంచి ఒకరు, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఒకరు సభ్యులు. ప్రతి రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా కూర్చుంటారు. వాళ్లు మాట్లాడవచ్చు, వాదించవచ్చు. ఓటు వేయడానికి గానీ, ఉత్తర్వు మీద సంతకం పెట్టడానికి గానీ వీల్లేదు. కమిషన్ తుది ఉత్తర్వుకు చట్టంతో సమానమైన బలం ఉంటుంది. దాన్ని పార్లమెంటు ముందు పెడతారే తప్ప, పార్లమెంటు కూడా అందులో ఒక్క అక్షరం మార్చలేదు. కోర్టుకు వెళ్దామంటే రాజ్యాంగం 329వ అధికరణ అడ్డు. మరీ ఏకపక్షంగా ఉంటే పరిశీలించే అధికారం కోర్టులకు ఉందని 2024లో సుప్రీంకోర్టు అన్నా, ఆ తలుపు ఇంకా సన్నగానే తెరిచి ఉంది.

గీత గీసేముందు కమిషన్ చేసేది శుద్ధమైన భాగహారం. 2001 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 7,62,10,007. అసెంబ్లీ సీట్లు 294. భాగిస్తే ఒక్కో సీటుకు సగటున 2,59,218 మంది. హైదరాబాద్ జిల్లా జనాభా అప్పట్లో 38,29,753. దాన్ని ఆ సగటుతో భాగిస్తే 14.77 వస్తుంది, అంటే 15 సీట్లు. అంతకుముందు జిల్లాకు 13 ఉండేవి. పక్కనున్న రంగారెడ్డి జిల్లా జనాభా 35,75,064, భాగిస్తే 13.79, అంటే 14 సీట్లు. సరిగ్గా ఆ సంఖ్యలే 2008 ఉత్తర్వులో అమలయ్యాయి. నగరంలో హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్, మహారాజ్‌గంజ్ పేర్లు అసెంబ్లీ పటం మీద నుంచి చెరిగిపోయాయి. అంబర్‌పేట, జూబ్లీహిల్స్, నాంపల్లి, గోషామహల్, బహదూర్‌పురా పుట్టాయి. పదమూడులో మూడు పోయి, ఐదు వచ్చి, పదిహేను.

జిల్లాకు ఎన్ని సీట్లో తేలాకే గీతల పని. నియోజకవర్గం వీలైనంత వరకు ఒక ముద్దగా, తెగిపోకుండా ఉండాలని చట్టం చెబుతుంది. నది, గుట్ట లాంటి సహజ హద్దులు, ఇప్పటికే ఉన్న పరిపాలనా హద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడమంటుంది. ఒక అసెంబ్లీ సెగ్మెంటు మొత్తంగా ఒకే లోక్‌సభ స్థానంలో ఉండాలి, చీలకూడదు. ఏ పార్టీకి ఎక్కడ బలముందన్నది ఈ జాబితాలో ఎక్కడా లేదు. లేకపోవడమే ఆ చట్టంలో నాకు నచ్చే విషయం.

మరి ఈ లెక్క పదేళ్లకోసారి ఎందుకు జరగడం లేదు? రాజ్యాంగం మొదట చెప్పింది అదే, ప్రతి జనగణన తర్వాత సరిచేయాలని. 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, 42వ సవరణ ఆ పనిని ఆపేసింది. కుటుంబ నియంత్రణ బాగా పాటించిన రాష్ట్రాలు అందుకు శిక్షగా సీట్లు పోగొట్టుకోకూడదన్నది కారణం. 2001లో 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. 2003లో 87వ సవరణ ఒక వెసులుబాటు ఇచ్చింది: రాష్ట్రం మొత్తం సీట్ల సంఖ్య కదపకుండా, లోపలి గీతలను 2001 జనాభాతో సరిచేయవచ్చు. తాండూరు విడిపోయిందీ, బహదూర్‌పురా పుట్టిందీ ఆ వెసులుబాటుతోనే. 2014 విభజన చట్టం 26వ సెక్షన్ తెలంగాణ సీట్లను 119 నుంచి 153కు, ఆంధ్రప్రదేశ్ సీట్లను 175 నుంచి 225కు పెంచుతామంది. కానీ అది రాజ్యాంగం 170వ అధికరణకు లోబడే అని కూడా రాసి ఉంది. జమ్మూ కశ్మీర్‌లో చేశారు కదా, మాకూ చేయండని వేసిన పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు ఆ కారణంతోనే కొట్టేసింది.

అలా ఇప్పటికీ మనం 2001 నాటి తలలతో గీసిన గీతల్లోనే ఓటేస్తున్నాం. ఈలోగా నగరం పడమరకూ ఉత్తరానికీ పొంగిపోయింది. 2023 అసెంబ్లీ ఎన్నికల నాటికి శేరిలింగంపల్లిలో ఓటర్లు ఏడు లక్షలు దాటారు. చార్మినార్‌లో రెండు లక్షల పైచిలుకే. అంటే ఎమ్మెల్యేను ఎన్నుకునే విషయంలో మొఘల్‌పురా ఓటు ఒక్కటి శేరిలింగంపల్లి ఓట్లు మూడింటికి సమానం. మల్కాజ్‌గిరి లోక్‌సభ స్థానంలోనైతే 2024లో ఓటర్లు 37 లక్షలు దాటి, దేశంలోనే అతిపెద్ద నియోజకవర్గంగా నిలిచింది. ఈ తేడా ఎల్లకాలం నిలవదు, నిలవడం న్యాయమూ కాదు. పాతబస్తీ మేలు కోరేవాళ్లు కూడా ఈ మాట ఒప్పుకోవాలి.

సరిచేస్తే ఏమవుతుందో చూద్దాం. కొత్త జనగణన అంకెలు లేవు కాబట్టి, 2011 అంకెలతో అదే భాగహారం చేసి చూశాను. తెలంగాణ జనాభా 3,50,03,674. 119 సీట్లతో భాగిస్తే సగటు 2.94 లక్షలు. హైదరాబాద్ జిల్లా జనాభా 39,43,323. పదేళ్లలో పెరిగింది మూడు శాతమే. దాని వాటా 13.4, అంటే 13 సీట్లు. 2008లో వచ్చిన రెండు సీట్లూ తిరిగి పోతాయన్నమాట! అదే పదేళ్లలో అప్పటి రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. దాని వాటా 14 నుంచి 18కి ఎగబాకుతుంది. సీట్లు 153 అయితే హైదరాబాద్‌కు 17 వస్తాయి. సంఖ్య పెరిగినట్టే కనిపిస్తుంది గానీ, మొత్తంలో వాటా పన్నెండున్నర శాతం నుంచి పదకొండుకు దిగుతుంది. ఇది 2011 అంకెలతో వేసిన అంచనా మాత్రమే. తర్వాతి జనగణనతో అంకెలు మారతాయి, దిశ మారుతుందని నేననుకోను. సీట్లు తగ్గితే చార్మినార్ లాంటి చిన్న నియోజకవర్గం పక్క బస్తీలను కలుపుకుని పెద్దదవ్వాలి, లేదా పక్కదాంట్లో కలిసిపోవాలి.

ఇంగ్లాండ్‌లో ఈ పని వేరేలా జరుగుతుంది. 2023లో అక్కడ ముగిసిన సమీక్షలో ఒక్కో నియోజకవర్గానికి సగటు 73,393 మంది ఓటర్లు. అయిదు శాతానికి మించి అటూ ఇటూ పోకూడదని చట్టంలోనే ఉంది. ఐల్ ఆఫ్ వైట్ ద్వీపానికి మాత్రం మినహాయింపు ఇచ్చి, అక్కడ రెండు సీట్లు ఖాయం చేశారు. లెక్క కుదరకపోతే గీత కౌంటీ హద్దు దాటి పక్క కౌంటీలోకి కూడా పోతుంది. సమీక్ష ఎనిమిదేళ్లకోసారి తప్పదు. మనకు పట్టాల్సిన తేడా ఒకటుంది. వాళ్లు లెక్కపెట్టేది ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లను. మన కమిషన్ లెక్కపెట్టేది జనగణనలో ఉన్న మనుషులందరినీ, ఉయ్యాలలో ఉన్న పసిబిడ్డతో సహా.

పాతబస్తీలో ఓటరు జాబితా మీద ఉన్న పట్టుదల జనగణన మీద లేదు. పేరు పోయిందంటే బూత్ దగ్గర గొడవ చేస్తాం, మంచిదే. కానీ సీటు ఉంటుందా ఊడుతుందా అన్నది తేల్చేది ఇంటికొచ్చే ఎన్యూమరేటర్ చేసే నమోదు. మొఘల్‌పురా గల్లీల్లో ఒకే గేటు వెనక నాలుగు పోర్షన్లుంటాయి. కింద అత్తామామలు, మీద కొడుకు కాపురం, వెనక గదుల్లో కిరాయిదారులు. గేటు దగ్గర నిలబడి ఇంటి పెద్ద చెప్పే సంఖ్యలో వెనక గది కుటుంబం తప్పిపోవడం తేలిక. మేడ మీద కార్ఖానాలో పనిచేసుకుంటూ అక్కడే పడుకునే కుర్రాళ్లు కూడా లెక్కలోని మనుషులే. గణన జరిగే రోజులన్నీ ఊళ్లో లేనివారిని లెక్కలో వేయరు కాబట్టి, సౌదీ, దుబాయ్‌లలో ఏళ్ల తరబడి ఉన్న మగవాళ్లు ఎలాగూ రారు. గల్ఫ్ మీద ఆధారపడిన బస్తీలకు ఆ లోటు ఉండనే ఉంది. దానిమీద ఇంట్లో ఉన్నవాళ్లు కూడా తప్పిపోతే మరీ నష్టం. 2025 జూన్‌లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఈసారి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. 84వ సవరణ చెప్పిన ‘2026 తర్వాతి తొలి జనగణన’కు అది సరిపోతుంది.

ఆ అంకెల మీద కమిషన్ ఏర్పడితే, సామాన్యుడికి దొరికే అవకాశం ఒక్కటే. కమిషన్ ముసాయిదాను గెజిట్‌లో, పత్రికల్లో ప్రకటించి, అభ్యంతరాలకు గడువు పెట్టి, రాష్ట్రంలో బహిరంగ విచారణ జరుపుతుంది. తుది ఉత్తర్వు వచ్చాక చెప్పినా వినేవారుండరు. అభ్యంతరం రాసేటప్పుడు మా ఓట్లు చీలుతున్నాయని రాస్తే అది పక్కకు పోతుంది; చట్టం అడిగే భాషలో రాయాలి. ఏ వార్డు, ఏ జనగణన బ్లాకు, జనాభా ఎంత. ఏ రోడ్డు కలుపుతోంది, మూసీ ఎక్కడ విడదీస్తోంది. దాన్ని పక్క నియోజకవర్గంలో కలిపితే రెండుచోట్లా జనాభా సగటుకు ఎంత దగ్గరగా ఉంటుంది. అంకెలతో, పటంతో రెండు పేజీలు చాలు. దాన్ని ఎమ్మెల్యేనే పంపాలని లేదు; బస్తీ కమిటీ పంపవచ్చు, ఒక టీచర్ పంపవచ్చు, ఓటు హక్కున్న ఎవరైనా పంపి, విచారణ రోజు లేచి నిలబడి చదివి వినిపించవచ్చు.