పెరటి బిళ్ళగన్నేరు నమలకండి!

కర్నూలు, కడప ఎండలకు మల్లెతీగ మాడిపోయినా, గోడవార బిళ్ళగన్నేరు మాత్రం నీళ్ళు పోయకపోయినా పూస్తూనే ఉంటుంది. మేకలు కూడా దాన్ని ముట్టవు, గమనించారా? ఆకు చేదు, పైగా విషం.

జమైకాలో షుగరు జబ్బుకి ఈ ఆకు కషాయం తాగేవారట. అదెంత నిజమో చూద్దామని 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆకురసాన్ని ఎలుకలకు సూదితో ఎక్కించి చూశారు. షుగరు తగ్గలేదు సరికదా, రక్తంలో తెల్లకణాలు పడిపోయి, చీము పట్టి ఎలుకలే చచ్చిపోయాయి! తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే రక్తక్యాన్సరుకి ఇదే మందెందుకు కాకూడదనిపించింది వాళ్ళకి. అలా 1958లో విన్‌బ్లాస్టిన్, ఆ తర్వాత విన్‌క్రిస్టిన్ బయటపడ్డాయి. పసిపిల్లల రక్తక్యాన్సరుకి విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ వాడుతున్నారు. వందల కిలోల ఎండుటాకు వడగడితే ఒక్క గ్రాము వస్తుంది. దాన్నీ డాక్టర్లు మిల్లీగ్రాముల్లో కొలిచి, నరంలోకే ఎక్కిస్తారు.

మరి మనమేం చేస్తున్నాం? పక్కింటి పిన్ని చెప్పిందని పరగడుపున రెండాకులు నమిలేస్తున్నాం! షుగరు మాత్రలు మానేసి మరీ నమిలేవాళ్ళున్నారు. ఇంట్లో ఎవరైనా అలా తింటుంటే ఈరోజే మాన్పించి, డాక్టరుకి ఆ సంగతి దాచకుండా చెప్పండి. పూలంటారా, నిక్షేపంగా దేవుడికి పెట్టుకోండి.