దూలగొండి గింజలో వణుకుకు మందు

తరిగొప్పుల వైపు పల్లెల్లో దూలగొండి కాయ జోలికి ఎవరూ పోరు. దాని నూగు ఒంటికి తగిలిందా, పూటంతా గోక్కోవాల్సిందే. ఆ కాయలోని గింజల నుంచి 1937లో మద్రాసు శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి లెవోడోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. వణుకుడు జబ్బుకు, అంటే పార్కిన్సన్స్‌కు, నేటికీ ప్రధానమైన మందు అదే. ఆ సంగతి తేలడానికి మాత్రం మరో 30 ఏళ్లు పట్టింది.

మెదడులో ఒక నరకణం నుంచి ఇంకోదానికి కబురు మోసేవి రసాయనాలు. కదలికలను అదుపులో ఉంచే కబుర్లలో డోపమైన్‌ది పెద్ద పాత్ర. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విద్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఎక్కించాడు. రక్తపోటుకు వాడిన ఈ మందు మన సర్పగంధి వేరులోనిదే. అది మెదడులోని డోపమైన్ నిల్వలను ఖాళీ చేస్తుంది. కుందేళ్లు చెవులు వాల్చేసి, కదలక మెదలక పడిపోయాయి. లెవోడోపా ఇస్తే కాసేపటికే లేచి తిరిగాయి! డోపమైన్‌నే ఇస్తే రక్తం నుంచి మెదడులోకి పోదు. లెవోడోపా పోతుంది, పోయి అక్కడ డోపమైన్‌గా మారుతుంది.

1960లో శాస్త్రవేత్త హార్నికీవిచ్ పార్కిన్సన్స్ రోగుల మెదళ్లలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని చూపాడు. 1967లో వైద్యుడు కోట్జియాస్ లెవోడోపా ఉన్న మందును పెద్ద మోతాదుల్లో ఇచ్చి రోగులను నడిపించాడు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

డోపమైన్ తగ్గితే ఒక బాధ, మోతాదు మించితే ఇంకో బాధ. లెవోడోపా ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి మాత్ర బాగా పనిచేసే వేళలోనే మెడ, చేతులు మెలికలు తిరుగుతాయి. హంటింగ్టన్ జబ్బులో ఆగని కదలికలకు ఇచ్చే టెట్రాబెనజీన్ చేసేది రిసర్పిన్ చేసిన పనే, డోపమైన్ నిల్వలను తగ్గించడం.

వాంతులకు వేసే మెటోక్లోప్రమైడ్‌తో ఒక్కోసారి పిల్లల మెడ పక్కకు బిగుసుకుపోయి, కనుగుడ్లు పైకి పోతాయి. చూసినవాళ్లు గాలి సోకిందని హడలిపోతారు. నిజానికి ఆ మందు డోపమైన్‌కు అడ్డుపడింది, అంతే. తాయెత్తు కోసం తిరగకుండా, వేసిన మాత్ర అట్ట పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. విరుగుడు ఇంజెక్షన్‌తో చాలావరకు నిమిషాల్లోనే సర్దుకుంటుంది.

దూలగొండి గింజలో లెవోడోపా ఉంది కదా అని వణుకుకు ఆ గింజల పొడి సొంతంగా మింగకూడదు. గింజ గింజకూ మందు పాళ్లు మారతాయి. లెవోడోపా మాత్రలో కార్బిడోపా అనే మందు కూడా కలిపి ఉంటుంది, దానివల్ల వికారం తగ్గుతుంది. మాంసం, పప్పులతో పాటు వేసుకుంటే లెవోడోపా సరిగా ఒంటబట్టదు కాబట్టి తిండికి అరగంట ముందే వేసుకోమంటారు. తగ్గిందనిపించి ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్ర జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు.