అందరికీ వెళ్ళిపోయిన మెయిల్

నూజివీడు మామిడి తోటల నడుమ 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలో ఏటా పదో తరగతి ముగించిన పిల్లలు ఆరేళ్ళ చదువుకు చేరతారు. వాళ్ళలో చాలామంది పల్లెల్లోని సర్కారు బడుల నుంచి వచ్చినవాళ్ళే. అంతమంది ఒకేచోట ఉండే క్యాంపస్‌లో పరీక్ష తేదీ మారినా, మెస్ వేళలు మారినా బ్యాచ్ మొత్తానికి ఒకేసారి కబురు అందించడానికి గ్రూప్ మెయిల్ బాగా అక్కరకొస్తుంది. అదే గ్రూప్ మెయిల్‌లో ఒక్క మాస్టారికి రాసిన సెలవు చీటీ వెయ్యిమందికి పోవచ్చు. పరీక్షల టైంటేబుల్ బదులు పిల్లల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉన్న ఫైలు పోవచ్చు. అలా జరిగినప్పుడు చుట్టుపక్కల వాళ్ళు మొదట అనే మాట ‘పంపేముందు చూసుకోవద్దా?’ అని. ఆ మాట వల్ల పొరపాటు చేసినవాళ్ళు కుంగిపోతారు, అంతకుమించి ఏమీ మారదు. ఈ పొరపాటులో మనిషి అజాగ్రత్త కొంతే, యంత్రం కట్టిన తీరు చాలా ఎక్కువ. దిద్దుబాటు కూడా యంత్రంలోనే మొదలుకావాలి. అలా ఎందుకు అనవలసి వస్తోందో మెయిల్ పుట్టుపూర్వోత్తరాలు చూస్తే తెలుస్తుంది.

మెయిల్ పైభాగాన కనిపించే సీసీ, బీసీసీ గడులు కంప్యూటర్‌తో పుట్టినవి కావు. వాటి మూలం టైపు మిషన్ దగ్గరి కార్బన్ కాగితం. టైపిస్టు తెల్లకాగితం, కార్బన్, పల్చటి కాగితం, మళ్ళీ కార్బన్ ఇలా దొంతరగా పేర్చి, రోలర్‌లోకి ఎక్కించి, ప్రతి అక్షరాన్నీ గట్టిగా కొట్టాలి. అడుగు ప్రతులకు వచ్చేసరికి అక్షరాలు మసకబారేవి. అసలు ఉత్తరం అందుకునేవారికి తెలియకుండా ఇంకొకరికి నకలు పంపాలంటే, పై కాగితాన్ని తీసేసి, కింది ప్రతుల మీద మాత్రమే ఆ పేరు కొట్టేవారు. బీసీసీ అంటే అదే. నలభైమందికి పంపాలంటే ఆ పనంతా మళ్ళీ మళ్ళీ చెయ్యాలి, కొట్టిన ప్రతిసారీ ఉత్తరం కళ్ళముందు నుంచి సాగిపోతుంది. తప్పులు పట్టుకోవడానికి ఎవరూ ప్రత్యేకంగా ఏర్పాటు చెయ్యకపోయినా, ఆ శ్రమే కాపలా కాసింది.

కంప్యూటర్ ఆ శ్రమను తీసేసింది. 1971లో రే టామ్లిన్సన్ ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ మీద మెయిల్ పంపారు. 1975లో జాన్ విట్టల్ రాసిన ‘ఎంఎస్‌జీ’ అనే ప్రోగ్రాంలో, వచ్చిన ఉత్తరానికి చిరునామాలు తానే నింపుకుని జవాబు తయారుచేసే ఆదేశం వచ్చింది. ఈనాటి రిప్లై మీటకు పూర్వరూపం అదే. 1977 నాటి ఆర్పానెట్ నిబంధనల పత్రంలో సీసీతోపాటు బీసీసీకీ చోటు దొరికింది. ఆ మరుసటి ఏడాది మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్, కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ దాదాపు 400 మందికి ఒకేసారి ఆహ్వానం పంపాలనుకున్నారు. చిరునామాలు వాటికి కేటాయించిన చోట పట్టలేదు. మిగిలినవి ఉత్తరం లోపలికే వచ్చి పడ్డాయి. పేరుమోసిన ఆ తొలి స్పామ్, సామూహిక మెయిల్‌లో పొరపాటుకు కూడా తొలినాటి ఉదాహరణే. శ్రమ అనే అడ్డు పోయింది, దాని స్థానంలో మరో అడ్డు ఎవరూ పెట్టలేదు.

పోయిన మెయిల్‌ను వెనక్కి రప్పించడం ఎందుకు కుదరదు? సర్వర్ల మధ్య మెయిల్ రవాణాకు 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ నిబంధనల్లో దీనికి జవాబుంది. మన సర్వర్ ఉత్తరాన్ని అవతలి సర్వర్‌కు వినిపిస్తుంది. అంతా అందాక అవతలి సర్వర్ ‘250’ అనే సంఖ్యతో బదులిస్తుంది. కౌంటర్‌లో రిజిస్టర్డ్ పోస్టుకు రసీదు కొట్టినట్టు, ఆ క్షణం నుంచి ఉత్తరం బాధ్యత వాళ్ళది. దాన్ని చెరిపే హక్కు మనకు లేదు. అవుట్‌లుక్‌లోని ‘రీకాల్’ ఒకే సంస్థ సర్వర్ల లోపల పనిచేస్తే చెయ్యవచ్చు గానీ గడప దాటిన ఉత్తరాన్ని తేలేదు. మరి వాట్సాప్‌లో అందరి దగ్గరా చెరిపేయవచ్చు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ మొదటి నుంచి చివరిదాకా దారి ఒకే కంపెనీది, దాని ఆజ్ఞ అన్ని ఫోన్లలోనూ చెల్లుతుంది. మెయిల్‌కు అలాంటి యజమాని లేరు. నూజివీడు కాలేజీ సర్వర్, జర్మనీ విశ్వవిద్యాలయం సర్వర్ ఎవరి అనుమతీ లేకుండా సమానంగా మాట్లాడుకోగలవు. ఆ స్వేచ్ఛకు మనం చెల్లించే మూల్యమే ఈ వెనక్కి రాని గుణం. నా మటుకు ఆ బేరం మంచిదే. కాకపోతే అడ్డు అనేది పంపేవారి వైపే, ‘250’ రాకముందే ఉండితీరాలి.

జాగ్రత్తగా ఉండమని నేర్పితే చాలదా అనేవారికి లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్ ఉదంతం చూపాలి. హెచ్ఐవీ సేవలందించే ఆ క్లినిక్ 2015 సెప్టెంబరులో ఒక వార్తాలేఖను బీసీసీ గడిలో పెట్టవలసిన చిరునామాలను పైకి కనిపించే గడిలో పెట్టి పంపింది. అది 781 మంది జాబితా. దానిలో అత్యధికుల పేర్లు ఒకరివి ఒకరికి తెలిసిపోయాయి. క్లినిక్‌ను నడిపే సంస్థకు 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. అదే సంస్థలో 2010లోనూ ఇలాంటి పొరపాటు జరిగింది. ఒకసారి కాలినా అదే చోట మళ్ళీ కాలిందంటే, పక్కపక్కనే ఒకే పరిమాణంలో ఉన్న రెండు గడులను, వాటి ఫలితాల్లో ఇంత తేడా ఉన్నప్పుడు, అలా ఉంచడమే తప్పు. 1997 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ లోపలే సుమారు 13,000 మంది ఉన్న ‘బెడ్లమ్ డీఎల్3’ జాబితాకు ఎవరో ‘నన్ను తొలగించండి’ అని రాశారు. ‘నన్నూ’ అని వందలమంది అందరికీ జవాబిచ్చారు. కోటీ యాభై లక్షల మెయిళ్ళు పుట్టాయని, వ్యవస్థ తేరుకోవడానికి రెండు రోజులు పట్టిందని ఆ కంపెనీ ఇంజనీర్లే తర్వాత రాశారు. ఆ జవాబులిచ్చినవాళ్ళు మెయిల్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ ఉద్యోగులు! తెలియక చేశారని వాళ్ళ గురించి ఎలా అనగలం? ఆ కంపెనీయే 2020లో యంత్రానికి అడ్డు పెట్టింది. 5,000 మందికి మించిన జాబితాకు గంటలోపు పది ‘అందరికీ జవాబు’లు వస్తే, ఆ వరుసను నాలుగు గంటలు ఆపేసేలా మొదట ఏర్పాటు చేశారు.

అన్నిటికంటే తెలివైన అడ్డు జీమెయిల్‌ది. 2009లో ప్రయోగంగా పెట్టి, 2015లో అందరికీ ఇచ్చిన ‘అన్‌డూ సెండ్’ నిజానికి దేన్నీ వెనక్కి తేదు. మీట నొక్కాక కూడా ఉత్తరాన్ని 5 నుంచి 30 సెకన్ల వరకు తన దగ్గరే ఆపి ఉంచుతుంది. అవుట్‌లుక్‌లో నియమం రాసుకుంటే రెండు గంటల వరకు ఆపవచ్చు. అత్యవసరమైన కబురుకు ఆలస్యం చేటు కాదా అంటే, హాస్టల్‌లో మంటలు లేచినప్పుడు వాడవలసింది గంట, లౌడ్‌స్పీకర్, ఫోను. మెయిల్ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ హామీ లేదు గనుక అర నిమిషం నష్టం కాదు.

అడ్డు దాటి పోయిన తప్పును ఎలా దిద్దాలన్నది తప్పును బట్టి ఉంటుంది. పూత సమయంలో తేనెమంచు పురుగుకు మందు పిచికారీ గురించి మామిడి రైతుల గ్రూపుకు లీటరు నీటికి 0.3 మిల్లీలీటర్లు అని రాయాల్సింది 3 అని పోయిందనుకుందాం. అక్కడ రీకాల్ నొక్కుతూ కూర్చోవడం ప్రమాదం. చదివినవాళ్ళు ట్యాంకు కలుపుతూ ఉండవచ్చు. వెంటనే అదే జాబితాకు, విషయం గడిలో ‘సవరణ’ అన్న మాటతో, మొదటి వాక్యంలోనే సరైన మోతాదు రాసి పంపాలి, కలిపేసినవాళ్ళు కొట్టవద్దని కూడా చెప్పాలి. క్షమాపణ ఆ తర్వాతి వాక్యంలో ఒక్కటి చాలు. అపార్థం వల్ల వచ్చే చిక్కు వేరు. నూజివీడు ట్రిపుల్ ఐటీని నడిపే విశ్వవిద్యాలయానికి తొలి చాన్స్‌లర్ అయిన రాజ్ రెడ్డి పనిచేసిన అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే, 1982లో లిఫ్టులో పాదరసం ఒలికిందంటూ సందేశాల బోర్డులో ఎవరో వేసిన హాస్యం నిజమైన హెచ్చరికలా కనిపించింది. హాస్యానికి ఒక గుర్తు ఉండాలని స్కాట్ ఫాల్మన్ ప్రతిపాదించిన నవ్వు మొహమే ఇప్పుడు మన ఫోన్లలో ఉన్న బొమ్మలకు పూర్వికుడు. మూడో రకం అన్నిటికంటే బరువైనది, పిల్లల వివరాలున్న ఫైలు పోవడం. 2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఇలా బయటపడినప్పుడు బాధితులకు తెలియజేయాలంటుంది. చట్టం అడిగినా అడగకపోయినా ఎవరి వివరాలు పోయాయో వాళ్ళకు ముందుగా చెప్పడం మర్యాద. ఆ చెప్పే మెయిల్‌లో తప్పు ఫైలును మళ్ళీ జతచేయకూడదు. మొదటి మెయిల్‌ను ఫార్వర్డ్ చేసి రాసేవాళ్ళు చేసే తప్పు ఇదే.

అసలు ఫైలునే జతచేయకుండా, ఎవరెవరు తెరవవచ్చో ఎంచిన లింకు పంపితే ఈ కష్టంలో సగం ఉండదు. మెయిల్ ఎన్ని సర్వర్లకు చేరినా, తప్పు కనిపించిన నిమిషంలో అనుమతి తీసేస్తే ఇంకా తెరవనివాళ్ళకు ఆ ఫైలు తెరుచుకోదు. బ్యాచ్ గ్రూపులను సృష్టించే చోట ఇంకా సులువైన పని ఉంది. గూగుల్ గ్రూప్స్‌లో ‘ఎవరు పంపవచ్చు’ అన్నచోట సభ్యులందరికీ బదులు నిర్వాహకులకు మాత్రమే అనీ, ‘జవాబులు ఎవరికి’ అన్నచోట పంపినవారికే అనీ పెట్టుకోవచ్చు. పిల్లల చర్చకు అడ్డు అవుతుందన్న అభ్యంతరం వస్తే, చర్చకు వేరే గ్రూపు పెట్టి, కొత్త బ్యాచ్ చేరిన మొదటి వారంలోనే ఏది దేనికో చెప్పవచ్చు.