చక్రం తిరిగితే చాలదు... నేల ఒప్పుకోవాలి!

కంప్యూటర్ మౌస్ మధ్యలో ఉండే చిన్న చక్రాన్ని వేలితో తిప్పితే స్క్రీన్ మీద పేజీ కదులుతుంది కదా. ఎంత తిప్పారు, పైకా కిందకా అన్నది కంప్యూటర్‌కి చెప్పేది లోపలున్న ఓ బుల్లి పరికరం. పేరు రోటరీ ఎన్‌కోడర్. అలాంటిదే కాస్త పెద్దది తెచ్చి, ఓ చక్రానికి బిగించి, ట్రాక్టర్ వెనక విత్తనాలు వేసే యంత్రానికి తగిలిస్తే? యంత్రం ఎంత దూరం కదిలిందో తెలుస్తుంది. కావలసిన దూరానికల్లా ఒక గింజ వేయించొచ్చు. వినడానికి ఇంత సులువు. మా నల్లరేగడిలోకి దిగాకే అసలు కథ మొదలవుతుంది.

నాది ప్రత్తిపాడు వైపు. డిప్లొమా చదివి, స్నేహితుడితో కలిసి వ్యవసాయ పనిముట్లకు ఎలక్ట్రానిక్స్ బిగిస్తుంటాను. మా వైపు పత్తి పెట్టాలంటే ముందు అచ్చు తోలతారు. నిలువునా అడ్డంగా గీతలు పడతాయి. అవి కలిసే చోట కూలీలు గింజ పెడతారు. కంటికి కనిపించే కొలత అది. కానీ పదునైన వాన పడిందంటే ఊరంతా ఒకేరోజు పొలంలోకి దిగుతుంది. కూలీలు దొరకరు. అందుకే అందరి చూపూ యంత్రం మీదకు మళ్లింది.

వెయ్యి మొక్కలు ఎటు పోయాయి?

సాలుకీ సాలుకీ మధ్య 90 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ మధ్య 45 సెంటీమీటర్లు అనుకుందాం. ఎకరానికి సుమారు 10,000 మొక్కలు రావాలి. మామూలు సీడ్ డ్రిల్‌లో నేల మీద దొర్లే చక్రమే గొలుసు ద్వారా గింజలు వదిలే పళ్లేన్ని కూడా తిప్పుతుంది. అంటే చక్రం మీద బరువు పని ఉంటుంది. నేల మెత్తగా ఉంటే అది తిరగకుండా అక్కడక్కడా జారుతుంది. ఆ జారుడు పదో వంతు ఉంటే చాలు, గింజల మధ్య దూరం 45 నుంచి 50కి పెరుగుతుంది. ఎకరానికి వెయ్యి మొక్కలు తగ్గినట్టే! మొలకలు వచ్చాక గానీ రైతుకి ఆ సంగతి తెలియదు. అప్పుడు పోగుంటలు పూడ్చినా ఆ మొక్కలు వెనకబడే ఉంటాయి.

అర మిల్లీమీటరు గొప్ప

ఎన్‌కోడర్ పెడితే ఈ బాధ కొంత తీరుతుంది. గింజల పళ్లేన్ని మోటార్ తిప్పుతుంది. నేల మీది చక్రానికి లెక్కపెట్టే పని ఒక్కటే మిగులుతుంది. బరువు లేదు కాబట్టి జారడం తగ్గుతుంది.

బజారులో తేలిగ్గా దొరికే ఎన్‌కోడర్ ఒక చుట్టుకి 600 పల్స్‌లు ఇస్తుంది. దానికి రెండు సిగ్నల్ తీగలుంటాయి. ఒకదాని పల్స్ రెండోదానికన్నా కాస్త ముందో వెనకో వస్తుంది. ఏది ముందొచ్చిందో చూస్తే చక్రం ముందుకెళ్లిందా, వెనక్కొచ్చిందా అని తేలిపోతుంది. రెండింటి ఎగుడుదిగుళ్లన్నీ కలిపి లెక్కేస్తే చుట్టుకి 2,400 గుర్తులు. చక్రం చుట్టుకొలత 1.2 మీటర్లయితే ఒక్కో గుర్తూ అర మిల్లీమీటరు!

ఇక్కడే చాలామంది పొంగిపోతారు. ఆగండి. ఆ చక్రం వ్యాసం 38 సెంటీమీటర్ల చిల్లర. తడి రేగడి దానికి చుట్టూ ఒక్క సెంటీమీటరు మందాన అంటుకుందనుకోండి. వ్యాసం రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. యంత్రం 105 మీటర్లు నడిచినా మీటర్ మాత్రం 100 అనే చూపిస్తుంది. అర మిల్లీమీటరు వరకూ లెక్కపెట్టే పరికరం అయిదు మీటర్లు పోగొట్టింది! అరిగిన టైరున్న బైక్‌లో దీనికి ఎదురు జరుగుతుంది. చక్రం చిన్నదై, వెళ్లినదానికన్నా ఎక్కువ దూరం చూపిస్తుంది.

అసలు కిటుకు ఇదే. ఎన్‌కోడర్‌కి దూరం తెలియదు. తను ఎన్నిసార్లు తిరిగిందో అదొక్కటే తెలుసు. ఎక్కువ పల్స్‌లున్న ఖరీదైనది కొన్నా చక్రానికి అంటిన మట్టి రాలిపోదు.

అప్పట్లోనూ ఇదే తంటా

ఈ చిక్కు కొత్తదేం కాదు. రెండు వందల ఏళ్ల కిందట సర్వేయర్లు దారుల పొడవు కొలవడానికి పెరాంబులేటర్ అనే చక్రాన్ని తోసుకుంటూ నడిచేవారు. గుంతలో దిగి గట్టెక్కితే ఆ ఎత్తుపల్లాలు కూడా దూరంలో కలిసిపోయేవి. అందుకే 1802లో మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద విలియం లాంబ్టన్ మహా సర్వేకి ఆధారరేఖ కొలిచినప్పుడు చక్రాన్ని నమ్మలేదు. ఉక్కు గొలుసు పరిచి, దాదాపు 12 కిలోమీటర్లు ఓపిగ్గా కొలిపించాడు.

‘ఫోన్‌లో జీపీఎస్ ఉందిగా అన్నా?’ అని కుర్రాళ్లు అడుగుతుంటారు. ఊరి దారి చూపించడానికి అది భేషుగ్గా పనికొస్తుంది. కానీ మామూలు ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. 45 సెంటీమీటర్ల దగ్గర దాని మాట చెల్లదు. సెంటీమీటర్లలో చెప్పే ఆర్‌టీకే రకం ఉంది గానీ చిన్న రైతుకి ఆ ఖర్చు బరువు.

మేం చేసేది ఇదీ

చక్రాన్ని స్ప్రింగ్‌తో నేలకి అదిమి ఉంచుతాం. గట్టు ఎక్కినా గుంతలో దిగినా నేలని వదలకూడదు. అంటిన మట్టిని గీకేయడానికి చక్రం పక్కనే ఇనప పట్టీ బిగిస్తాం. ఎన్‌కోడర్ ఇరుసూ చక్రం ఇరుసూ కలిసే చోట లూజు లేకుండా చూస్తాం. ఇవన్నీ ఒక ఎత్తు, టేపు పరీక్ష ఒక ఎత్తు.

విత్తే పొలంలోనే, అదే తేమలో, గింజల డబ్బా నింపి, టేపుతో కొలిచిన 50 మీటర్లు యంత్రాన్ని నడపాలి. ఎన్ని గుర్తులు వచ్చాయో రాసుకోవాలి. ఇలా మూడుసార్లు. మూడు అంకెలూ దగ్గరగా ఉంటే వాటి సగటునే 50 మీటర్లుగా యంత్రానికి చెప్పాలి. దూరంగా ఉంటే చక్రం జారుతోందనో, మట్టి పడుతోందనో అర్థం. ముందు అది సరిచేయాలి. సిమెంటు రోడ్డు మీద తీసిన లెక్క రేగడిలో పనికిరాదు. పొద్దున తడిలో తీసింది మధ్యాహ్నానికి మారొచ్చు.

ఈ పనికి అరగంట పడుతుంది. అద్దె ట్రాక్టర్ గంటల లెక్కన నడుస్తుంటే ఆ అరగంట దండగనిపిస్తుంది. ఈసారి మీ నాన్నో బాబాయో అలా అంటే, ఎకరానికి వెయ్యి మొక్కల లెక్క ఫోన్‌లో కాల్‌క్యులేటర్ తీసి చూపించండి. టేపు రెండో కొస పట్టుకోవడానికి వాళ్లే వస్తారు.