కండరాలలో నిలువ ఉండే నైట్రేట్ – మానవ ఆరోగ్యంలో దాని పాత్ర

ఉపోద్ఘాతం

ఏటా మహాశివరాత్రికి, ఉగాదికి ముందు వేలాది భక్తులు ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం నుండి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నల్లమల అడవిలో కాలినడకన శ్రీశైలం చేరుకుంటారు. లోయ దిగి మెట్లెక్కే వేళ తొడ కండరాలకు అందే ఆక్సిజన్ కంటే వాటి అవసరం అధికమవుతుంది, ఆమ్లత్వం పెరుగుతుంది. సరిగ్గా ఇటువంటి స్థితిలోనే కండరంలో నిలువ ఉన్న నైట్రేట్ ఉపయోగంలోకి వస్తుందని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. నైట్రేట్ అనగానే ఎరువు, బోరు నీటి కాలుష్యం మాత్రమే గుర్తుకు వచ్చే రాయలసీమలో ఈ అంశాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు రెండు వైపులా పరిశీలించవలసి ఉంది.

శరీరంలో నైట్రేట్ ప్రయాణం

రక్తనాళాలను వ్యాకోచింపజేసి రక్తపోటును నియంత్రించే వాయువు నైట్రిక్ ఆక్సైడ్. దీని పాత్రను వెలికితీసినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మ్యురాడ్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. శరీరం దీనిని ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుండి తయారు చేసుకుంటుంది. ఇందుకు ఆక్సిజన్ తప్పనిసరి. ఏర్పడిన వాయువు క్షణాలలో ఆక్సీకరణం చెంది నైట్రేట్‌గా మారుతుంది. ఈ నైట్రేట్ విసర్జింపబడవలసిన వ్యర్థమేనని చాలా కాలం భావించారు.

రెండవ మార్గం ఆహారం ద్వారా సాగుతుంది. మనం తిన్న నైట్రేట్ రక్తంలో చేరిన తరువాత అందులో దాదాపు నాలుగవ వంతును లాలాజల గ్రంథులు గ్రహించి తిరిగి నోటిలోకి విడుదల చేస్తాయి. నాలుకపై నివసించే బాక్టీరియా దానిలో కొంత భాగాన్ని నైట్రైట్‌గా క్షయకరిస్తుంది. ఆ నైట్రైట్ జీర్ణాశయంలోను, రక్తంలోను, కణజాలాలలోను నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. ఆక్సిజన్ తక్కువైనప్పుడు మొదటి మార్గం మందగిస్తుంది, రెండవ మార్గం చురుకవుతుంది. క్రిమిసంహారక ద్రావణంతో తరచుగా నోరు పుక్కిలిస్తే ఈ బాక్టీరియా నశించి నైట్రైట్ ఉత్పత్తి తగ్గుతుంది.

కండరమే గిడ్డంగి

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పిక్నోవా, షెక్టర్ బృందం 2015లో ఎలుకలపై జరిపిన పరిశోధనలో అస్థి కండరాలలో నైట్రేట్ గాఢత రక్తంలో కంటే అధికమని, వ్యాయామంతో అది తగ్గుతుందని తేలింది. శరీర బరువులో దాదాపు 40 శాతం అస్థి కండరాలే కనుక ఈ నిల్వ స్వల్పమైనది కాదు. కండరంలోని గ్జాంథిన్ ఆక్సిడోరిడక్టేజ్ అనే ఎంజైమ్ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చగలదు. మానవులలోనూ బీట్‌రూట్ రసం సేవించిన తరువాత కండరంలో నైట్రేట్ పెరిగిందని, తీవ్ర వ్యాయామంతో తరిగిందని ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పాల్గొన్న అధ్యయనం 2019లో వెల్లడించింది.

2023లో ఇదే పరిశోధనా వర్గం మరొక అడుగు ముందుకు వేసింది. నత్రజని-15 ఐసోటోప్‌తో గుర్తించిన నైట్రేట్‌ను 10 మందికి ఇచ్చి, 5 నిమిషాలలో 60 పర్యాయాలు తొడ కండరాన్ని పూర్తి బలంతో సంకోచింపజేయించారు. తిన్న నైట్రేట్ కండరంలో చేరినట్లు ఐసోటోప్ నిరూపించింది. నైట్రేట్ లేని నమూనా తీసుకున్నప్పటి కంటే కండర బలం సుమారు 7 శాతం అధికమైంది. పాల్గొన్నవారు కొద్దిమందే కనుక దీనిని వృద్ధులకు, రోగులకు యథాతథంగా అన్వయించరాదు. అయితే వయసుతో కండర బలం క్షీణించేవారి విషయంలో ఇది ఆశాజనకమైన పరిశోధనా మార్గం.

బోరు నీరు – ఆకుకూర: భేదం ఎక్కడ?

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటిలో నైట్రేట్‌ను లీటరుకు 45 మి.గ్రా.కు పరిమితం చేసింది. కర్నూలు, కడప ప్రాంతాలలో కొన్ని చోట్ల భూగర్భ జలాలు ఈ హద్దును దాటుతున్నాయి. అధిక నత్రజని ఎరువులు, బావుల చేరువలోని పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంతలు ఇందుకు ముఖ్య కారణాలు. వర్షపాతం తక్కువైనందున పలుచబడే అవకాశమూ తక్కువే. ఇటువంటి నీటితో పాలపొడి కలిపి పట్టిన పసికందులలో నైట్రైట్ హీమోగ్లోబిన్‌ను మార్చివేసి శరీరం నీలివర్ణం దాల్చే ప్రాణాంతక స్థితి కలుగుతుంది. నీటిని కాచినా నైట్రేట్ పోదు. ఆవిరైన మేరకు గాఢత మరింత పెరుగుతుంది.

తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లలోనూ నైట్రేట్ సమృద్ధిగానే ఉంటుంది. అయితే వాటితోపాటు విటమిన్-సి, పాలీఫినాల్‌లు లభిస్తాయి. ఇవి నైట్రైట్ నుండి హానికర నైట్రోసమైన్‌లు ఏర్పడటాన్ని నిరోధిస్తాయి. కనుక అణువు ఒకటే అయినా, అది ఎవరి శరీరంలోకి, దేనితో కలిసి, ఎంత మోతాదులో చేరిందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అంతర్జాతీయంగా అంగీకరించిన దినసరి పరిమితి కిలో శరీర బరువుకు 3.7 మి.గ్రా.; అంటే 60 కిలోల వ్యక్తికి 222 మి.గ్రా. లీటరుకు 100 మి.గ్రా. నైట్రేట్ ఉన్న నీటిని రోజుకు మూడు లీటర్లు తాగితే ఆ పరిమితి నీటితోనే మించిపోతుంది. పై ప్రయోగంలో ఇచ్చిన మోతాదు కూడా ఈ పరిమితికి మించినదే కనుక నైట్రేట్ లవణాలను సొంతంగా సేవించడం ప్రమాదకరం.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

1. తాగునీటి బోర్లను వర్షాకాలానికి ముందు, తరువాత పరీక్ష చేయించాలి. హద్దు దాటిన నీటిని శిశువులకు వాడరాదు.

2. సాగునీటిలోని నైట్రేట్‌ను ఎరువుగా లెక్కించాలి. లీటరుకు 45 మి.గ్రా. ఉన్న నీటిని హెక్టారుకు 10 సెం.మీ. లోతున పారిస్తే సుమారు 10 కిలోల నత్రజని పొలానికి చేరుతుంది. ఆ మేరకు యూరియా తగ్గించవచ్చు.

3. ఆకుకూరలలో నైట్రేట్‌ను అమైనో ఆమ్లాల వైపు మళ్లించే ఎంజైమ్ వెలుతురులో చురుకుగా పనిచేస్తుంది. కోతకు ముందు యూరియా వేయకుండా, ఎండ పడిన తరువాత సాయంత్రం కోస్తే నైట్రేట్ మితంగా ఉంటుంది. కాడలలో ఆకుల కంటే అధికంగా ఉంటుంది.

4. బెట్టకు గురైన జొన్న, మొక్కజొన్న మేతలో నైట్రేట్ పేరుకొని పశువులకు విషమవుతుంది. వాటిని వెంటనే మేపరాదు.

ముగింపు

పప్పులోనో, పుల్లగూరలోనో రోజూ తినే ఆకుకూర కండరానికి కొంత నిల్వను సమకూర్చగలదు. అదే నైట్రేట్ బోరు నీటి ద్వారా పసిబిడ్డ ప్రాణం మీదికి తేగలదు. రైతు కుటుంబానికి ఈ రెండు మాటలను కలిపి చెప్పినప్పుడే మన సలహా సంపూర్ణమవుతుంది.