కొక్కెం మారినా ఎర మారదు

మన ఏటిగట్లపై గాలానికి వానపామును గుచ్చుతారు; స్కాట్లండులో సాల్మన్ చేపకు ఈకలు, వెంట్రుకలతో కట్టిన ‘ఫ్లై’ అనే కృత్రిమమైన ఎరను వేస్తారు. పూర్వం దానిని కొక్కెపు కాడకే చుట్టేవారు. ముల్లు విరిగిందా, గంటల పనితనమంతా వృథా! చేనేత ఎరిగిన మనవారికి ఆ బాధను వివరించనక్కరలేదు. పైగా పొడవైన కాడ మీటవలె పనిచేసి, పెనుగులాడే చేప నోటినుండి ముల్లును ఊడదీసేది.

1945 ప్రాంతంలో అబర్డీనులో విన్నీ మొరావ్‌స్కీ అనే మహిళ ఆ ఎరను సన్నని గొట్టంపై కట్టారని చెబుతారు. దారం గొట్టంలోనుండి దూరి, చివరనున్న పొట్టి కొక్కేనికి ముడిపడుతుంది. చేప చిక్కగానే గొట్టం దారం వెంట పైకి జారి, పళ్ళ బారినుండి తప్పించుకుంటుంది. ముల్లు మొద్దుబారితే కొక్కేన్ని మాత్రమే మార్చుకోవచ్చు.

అయితే విడిగా ఉన్న కొక్కెం నీటిలో పక్కకు వాలిపోతుంది. అందుకే గొట్టం చివర మెత్తని రబ్బరు తొడుగు అమర్చి, కొక్కేన్ని తిన్నగా నిలుపుతారు. ఆ బిగువు మితిమీరితే చేప చిక్కినా గొట్టం జారదు.